ముద్ర లేని బాణీలు : ఫ్రాంజ్ వాక్స్‌మన్ జీవితగాథ

పుట్టిన సీమను విడిచి, పరభాషల నడుమ ఇల్లు కట్టుకొని, ఏటేటా ఉగాది పచ్చడి చేదోతీపో పంచుకొని మన వారమని గుర్తు చేసుకొనే కుటుంబాలకు ఈ సంచికలో ఒక సంగీతకారుని కథ చెప్పదలచాము. ఆయన మన దేశస్థుడు కాడు, మన భాష ఎరుగడు. అయినను ఆయన కష్టసుఖాలు ప్రవాసులకు సులభంగా బోధపడతాయన్న నమ్మకంతో ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

ముందుగా మనకు తెలిసిన సంగతితో మొదలుపెడతాము. 1955లో మద్రాసులో 'మిస్సమ్మ' తెలుగులోను, 'మిస్సియమ్మ' తమిళంలోను తయారైనప్పుడు రెండింటికీ సంగీతం కూర్చినవారు సాలూరు రాజేశ్వరరావుగారే. ఒకే వరుస రెండు భాషల మాటలు తొడుక్కొని రెండు హాళ్లలో మ్రోగింది. తమిళనాట స్థిరపడిన మన ఇళ్లలో ఆ వరుసను ఒక భాషలో పెద్దలు, మరొక భాషలో పిల్లలు కూనిరాగం తీసి ఉంటారు. రెండు చిత్రాల మీదను రాజేశ్వరరావుగారి పేరున్నది. బాణీ ఇల్లు మారినా తండ్రి పేరు పోలేదు.

మరి బాణీ ఇల్లు మారి, తండ్రి పేరు తుడిచిపెట్టుకుపోతే? హాలీవుడ్ స్టూడియోలలో 1930, 1940ల దశకాలలో అది నిత్యకృత్యము. ఆ పద్ధతిలో నష్టపోయి, ఒకసారి లాభం కూడా పొంది, చివరకు తన వంతు వచ్చినప్పుడు ఒక మర్యాద నిలిపిన మనిషి ఫ్రాంజ్ వాక్స్‌మన్.

ఆయన 1906 డిసెంబరు 24న సైలీషియా ప్రాంతంలోని కోనిగ్స్‌హ్యూట్ అనే ఊరిలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. అప్పుడది జర్మనీ, ఇప్పుడా ఊరు పోలండులో ఉన్నది, పేరు కూడా మారింది. మూడేళ్ల ప్రాయంలో పొయ్యి మీది మరిగే నీళ్లు మీద పడి, పిల్లవాని కళ్లు దెబ్బతిన్నాయి. ఆ మందదృష్టి జీవితాంతము ఆయనను వదలలేదు. తండ్రి వ్యాపారస్థుడు. సంగీతంతో కూడు దొరకదని, కుమారుని బ్యాంకు ఉద్యోగంలో ప్రవేశపెట్టించాడు. కుమారుడు ఎదురు చెప్పలేదు. పగలు బ్యాంకులో నోట్లు లెక్కపెట్టి, ఆ జీతంతోనే పియానో పాఠాలు, సంగీత రచనా పాఠాలు చెప్పించుకొన్నాడు. రెండేళ్లకు పైగా అలా గడిపి, 1923లో బ్యాంకుకు నమస్కారం పెట్టి డ్రెస్డెన్ సంగీత పాఠశాలలో చేరాడు. అక్కడినుండి బెర్లిన్ చేరుకొన్నాడు.

బెర్లిన్‌లో చదువు ఖర్చులకు రాత్రిపూట హోటళ్లలో పియానో వాయించేవాడు. వైన్‌ట్రాబ్ సింకపేటర్స్ అనే పేరుగల జాజ్ బృందంలో స్థానం దొరికింది. ఆ బృందం ద్వారా ఫ్రెడరిక్ హాలెండర్ అనే సంగీతకర్త పరిచయమైనాడు. 1930లో వెలువడి లోకప్రసిద్ధమైన 'బ్లూ ఏంజెల్' చిత్రానికి పాటలు హాలెండర్‌వి. ఆ పాటలను వాద్యబృందానికి అనువుగా వ్రాసి తీర్చినవాడు వాక్స్‌మన్. అంటే ఆయన సినిమా జీవితం మరొకరి బాణీలకు సేవ చేయుటతో ఆరంభమైనదన్న మాట.

1933లో హిట్లర్ అధికారానికి వచ్చాడు. 1934 తొలి నాళ్లలో బెర్లిన్ వీధిలో నడచిపోతున్న వాక్స్‌మన్‌ను నాజీ మూకవారు పట్టుకొని చావగొట్టారు. ఇరవై ఏడేళ్ల యువకుడు. ఆ ఊరిలో ఇక నిలువరాదని నిశ్చయించుకొని, కాబోయే భార్యతో కలసి పారిస్ వెళ్లిపోయాడు. అక్కడ ఒక చిన్న హోటలులో ఆయనవంటి కాందిశీకులే పలువురు కాపురముండేవారు. తరువాతి కాలంలో గొప్ప దర్శకుడైన బిల్లీ వైల్డర్ వారిలో ఒకడు. పారిస్‌లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'లిలియోం' చిత్రానికి వాక్స్‌మన్ సంగీతం సమకూర్చాడు. చనిపోయిన కథానాయకుడు పరలోకానికి పోయే ఘట్టంలో ఆయన వాడిన నాదం విన్నవారిని వెంటాడింది.

1934లోనే నిర్మాత ఎరిక్ పోమ్మర్ వెంట అమెరికా చేరాడు. జర్మనీలో Wachsmann అని వ్రాసే ఇంటిపేరు అమెరికాలో Waxman అయినది. క్రొత్త ఊరివారి నోటికి తగినట్లు ఇంటిపేరు మారడం, కుదించుకొనిపోవడం మన కుటుంబాలకు తెలియని సంగతి కాదు.

యూనివర్సల్ స్టూడియోలో జేమ్స్ వేల్ అనే దర్శకుడు 'లిలియోం' సంగీతం విని ముగ్ధుడై, తాను తీస్తున్న 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' చిత్రాన్ని వాక్స్‌మన్ చేతిలో పెట్టాడు. శవఖండాలతో తయారైన ఒక భూతానికి ఒక వధువును సృష్టించుట ఆ కథ. 1935లో విడుదలైన ఆ చిత్రంలో భూతానికి ఒక వరుస, వధువుకు ఒక వరుస ఏర్పరచి, కథతోపాటు వాటిని పెంచుకుంటూ పోయాడు. వధువు ప్రాణం పోసుకొనే ఘట్టంలో పెద్ద డోలుపై గుండె కొట్టుకొనే చప్పుడు పలికించాడు. ఆ కీర్తితో యూనివర్సల్ వారు ఆయనను తమ సంగీత శాఖకు అధిపతిగా నియమించారు. దేశం కాని దేశంలో అడుగుపెట్టిన ఏడాదికే అంతటి పదవి!

అయితే ఆ సంగీతానికి ఆ తరువాత ఏమైనదో చెప్పుటకే మేము ఇంతదూరం వచ్చాము.

ఆ రోజులలో స్టూడియోలు ఏటా పదులకొలది చిత్రాలు తీసేవి. వాటిలో పెద్ద చిత్రాలు కొన్నే. చిన్న ఖర్చుతో త్వరత్వరగా ముగించే చిత్రాలే ఎక్కువ. వాటికి తోడు సీరియళ్లుండేవి. వారానికొక భాగం చొప్పున, ప్రతి భాగం చివరను కథానాయకుని ఆపదలో వదలిపెట్టి, పిల్లలను మరుసటి వారం మళ్లీ టిక్కెట్టు కొనిపించే చిత్రాలవి. ప్రతి భాగానికి తరుముడు, తుఫాను, పోరాటం, గండం కావాలి. అన్నింటికీ సంగీతం కావాలి. క్రొత్తగా వ్రాయించి, వాద్యబృందాన్ని పిలిపించి, రికార్డు చేయించుటకు డబ్బు చాలదు. అందుచేత బీరువాలు తెరిచేవారు. లోపల పాత చిత్రాల సంగీతం ఫిలించుట్టలుగా, స్వరాల కాగితాలుగా భద్రంగా ఉండేది. ప్రేమకొకటి, భయానికొకటి, పరుగుకొకటి ఏరుకొని, నిడివికి తగినట్లు కత్తిరించి క్రొత్త బొమ్మకు అతికించేవారు. పండుగనాటి పట్టుచీరను చింపి బొంతకు అతుకులు వేసినట్లుండేది ఆ పని.

1936లో యూనివర్సల్ వారు 13 భాగాలుగా తీసిన 'ఫ్లాష్ గోర్డన్' సీరియల్ అందుకు మంచి ఉదాహరణ. గ్రహాంతరాలకు పోయి పోరాడే వీరుని కథ అది. భూతానికి, వధువుకు వ్రాసిన వాక్స్‌మన్ సంగీతం అక్కడ ఆకాశనౌకలకు, రాక్షసరాజులకు మ్రోగింది. కలకత్తా నుండి బొంబాయి వచ్చే రైలులో జరిగిన హత్యను గూర్చి ఆ స్టూడియోవారే 1934లో తీసిన 'బోంబే మెయిల్' చిత్ర సంగీతము కూడా అందులో కలిసింది. మన దేశపు రైలుబండికి వ్రాసిన సంగీతం గ్రహాంతరాలకు పోయినదంటే చదువరులు నవ్వుకోవచ్చును. ఆ వీరుని తరువాతి సీరియళ్లు 1938లోను, 1940లోను వచ్చాయి. వాటిలోను వధువు సంగీతం మళ్లీ మళ్లీ వినిపించింది. వారం వారం హాలులో కూర్చున్న వేలాది పిల్లలకు ఆ నాదం నరాలలో ఇంకిపోయింది. అది ఎవరి నాదమో తెర మీద చెప్పిన వారు లేరు.

ఇది దొంగతనమా? చట్టరీత్యా కాదు. జీతమిచ్చి చేయించుకొన్న రచనకు యజమానియే రచయితయని 1909 నాటి అమెరికా హక్కుల చట్టం నిర్ణయించింది. వారం జీతం పుచ్చుకొన్న నాడే సంగీతకర్త తన బాణీ మీద అధికారం వదులుకొన్నట్లు. యజమాని దానిని ఎన్ని చిత్రాలలోనైనా వాడవచ్చును, ఎక్కడనైనా కత్తిరించవచ్చును. ఆ రోజులలో యూనివర్సల్ ఇబ్బందులు కూడా చిన్నవి కావు. జర్మనీ నుండి పొట్ట చేత పట్టుకొని వచ్చి ఆ స్టూడియోను స్థాపించిన కార్ల్ లేమ్లీ 1936లో అప్పుల వల్ల దానిని పరుల పాలు చేయవలసి వచ్చింది. అటువంటి ఇంట్లో పాత బాణీలను వాడుకొనుటను పూర్తిగా తప్పుపట్టలేము. వాక్స్‌మన్ సైతం ఆ శాఖకు అధిపతిగా ఉన్నవాడే. ఈ అలవాటు ఎరుగని అమాయకుడు కాడు.

ఆ తరువాత సంగీతవాద్యకారుల సంఘం ఈ పద్ధతికి కొంత అడ్డుకట్ట వేసింది. ఒక చిత్రానికి రికార్డు చేసినది మరొక చిత్రంలో అతికించరాదని 1940ల దశకంలో స్టూడియోల చేత ఒప్పించింది. అందువల్ల పాత స్వరాలనే వాడదలచినా వాద్యకారులను పిలిచి మళ్లీ వాయించవలసి వచ్చేది. వాయించే చేతులకు కూలి దక్కింది. వ్రాసిన చేతి పేరు మాత్రం తెరకు ఎక్కలేదు.

వాక్స్‌మన్ యూనివర్సల్‌ను విడిచి 1936లో మెట్రో స్టూడియోకు మారాడు. ఏడాదికి ఆరేడు చిత్రాల చొప్పున పని. 1940లో డేవిడ్ సెల్జ్‌నిక్ నిర్మించగా హిచ్‌కాక్ దర్శకత్వం వహించిన 'రెబెక్కా' చిత్రం ఆయన పేరును శాశ్వతం చేసింది. కథ మొదలు కాకముందే చనిపోయిన రెబెక్కా తెర మీద ఒక్కసారి కూడా కనుపించదు; ఆమె ఉనికి అంతా వాక్స్‌మన్ సంగీతంలోనే ఉన్నది. అంతటి రచనలోను సెల్జ్‌నిక్ చేయి పెట్టాడు. తన పాత చిత్రాలకు మాక్స్ స్టీనర్ వ్రాసిన సంగీతపు తునకలు తెప్పించి, వాక్స్‌మన్ రచన నడుమ అక్కడక్కడ చొప్పించాడు. మునుపు ఇతరుల చిత్రాలలో తన బాణీ చేరినది. ఇప్పుడు తన చిత్రంలో ఇతరుల బాణీ చేరినది. స్టీనర్‌గారును వియన్నా నుండి వచ్చిన ప్రవాసియే. ఇద్దరినీ అడిగిన వారు లేరు.

1943లో వార్నర్ స్టూడియోకు వెళ్లాడు. 1945లో అక్కడ 'ఆబ్జెక్టివ్ బర్మా' అనే యుద్ధచిత్రానికి సంగీతం వ్రాశాడు. 1942లో రంగూను విడిచి అడవుల వెంట కాలినడకన తిరిగివచ్చిన తెలుగు కుటుంబాల కథలు మన పెద్దల నోట విన్నవారమే. ఆ బర్మా అడవులను వారు కాలిఫోర్నియాలోనే సృష్టించుకొన్నారు. ఆ అడవికి భయాన్ని పోసినది వాక్స్‌మన్ వాద్యబృందం.

ఆ తరువాత 'హ్యూమరెస్క్' చిత్రం కోసం, ఫ్రెంచి సంగీతకర్త బిజే రచించిన 'కార్మెన్' నాటకంలోని వరుసలను తీసుకొని వయొలినుకు ఒక రచన చేశాడు. దానిని విని వయొలిను విద్వాంసుడు హైఫెట్జ్ అడిగి మరీ కచేరీకి తగినట్లు పెంచి వ్రాయించుకొన్నాడు. ఇప్పటికీ వయొలిను విద్వాంసుల కచేరీలలో అది ఉన్నది. కార్మెన్ ఫాంటసీ అనే దాని పేరులోనే మూలకర్త నాటకం పేరున్నది. ఇతరుల బాణీని వాడుకొనుట తప్పు కాదు, చెప్పి వాడుకొంటే ఇద్దరికీ గౌరవమేనని ఆ ఒక్క శీర్షిక చాటుతున్నది.

1947లో ఆయన లాస్ ఏంజెలెస్‌లో ఒక సంగీతోత్సవాన్ని స్థాపించి, జీవితాంతమూ నడిపాడు. సినిమాలలో గడించిన డబ్బూ, తీరికా సగం దానికే వెచ్చించాడన్నా అతిశయోక్తి కాదు. స్ట్రావిన్‌స్కీ, షోస్టకోవిచ్ మొదలైన సమకాలికుల రచనలను ఆ ఊరివారికి వినిపించాడు. పగలు స్టూడియోలో పేరు పోయే సంగీతం వ్రాసిన మనిషి, సాయంత్రం వేదికనెక్కి ఇతరుల రచనలను వారి వారి పేరుతో వినిపించేవాడు.

ఆయనకు అమెరికా చలనచిత్ర అకాడమీ బహుమానాలు రెండు లభించాయి. మొదటిది 1951లో 'సన్‌సెట్ బొలెవార్డ్' చిత్రానికి. పారిస్ హోటలు నాటి మిత్రుడు బిల్లీ వైల్డర్ దానికి దర్శకుడు. రెండవది 1952లో 'ఎ ప్లేస్ ఇన్ ది సన్' చిత్రానికి. ఈ రెండవదానిని గూర్చి కూడా దాచకుండా చెప్పవలసి ఉన్నది. దర్శకుడు జార్జి స్టీవెన్స్‌కు వాక్స్‌మన్ వ్రాసినది కొన్ని ఘట్టాలలో నచ్చక, విక్టర్ యంగ్, డానియేల్ ఆంఫిథియాట్రోఫ్ అనే వారిచేత అక్కడ వేరుగా వ్రాయించి చేర్చాడు. తెర మీద పేరు మాత్రం వాక్స్‌మన్‌దొక్కటే, బహుమానమూ ఆయనకే. ఒకనాడు ఆయన బాణీ పేరు లేకుండా పోయినట్లే, ఈనాడు ఇతరుల బాణీ ఆయన పేరు క్రింద పోయింది. ఆ పద్ధతిలో చేతులు కడుక్కొని నిలబడగలవారు ఎవరూ లేరని దీనినిబట్టి గ్రహించవచ్చును.

అందువల్లనే 1954లో జరిగినది మాకు ముఖ్యంగా కనుపిస్తున్నది. ఆల్‌ఫ్రెడ్ న్యూమన్ అనే సంగీతకర్త ఫాక్స్ స్టూడియోలో 'ది రోబ్' అనే గొప్ప చిత్రానికి సంగీతం కూర్చాడు. ఆ ఏటి బహుమానాల పరిశీలనకు చిత్రం ఎంపికైనది కాని, సంగీత విభాగంలో న్యూమన్ పేరు చేర్చలేదు. న్యూమన్ వాక్స్‌మన్‌కు బంధువు కాడు, వృత్తిలో పోటీదారుడు. అయినా ఇది అన్యాయమని తలచి వాక్స్‌మన్ అకాడమీ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చాడు. తన ఇంట రెండు బహుమానాలు పెట్టుకొని, ఇచ్చిన సంస్థకే నమస్కారం చెప్పడం అందరికీ చేతనయ్యే పని కాదు.

ఆ ఏడాదే మరొక సంగతి జరిగింది. 'ది రోబ్' కథకు కొనసాగింపుగా ఫాక్స్ వారు 'డిమీట్రియస్ అండ్ ది గ్లాడియేటర్స్' అనే చిత్రం తీశారు. సంగీతం పని వాక్స్‌మన్‌కు వచ్చింది. పాత్రలు కొన్ని అవే. వాటికి న్యూమన్ ఏర్పరచిన వరుసలు జనం చెవులలో ఉన్నాయి. స్టూడియోకు ఆ వరుసల మీద సర్వహక్కులు ఉన్నాయి. పేరు చెప్పకుండా వాడుకొన్నా అడిగేవారు లేరు. వాక్స్‌మన్ ఆ వరుసలను ఉచితమైన చోట్ల గౌరవంగా నిలిపి, చుట్టూ తన రచన అల్లాడు. ఆ వరుసలు న్యూమన్‌వని చిత్రపు పేర్లలో తెర మీద అచ్చువేశారు. యూనివర్సల్ బీరువాలో పేరు పోగొట్టుకొన్న బాణీ తండ్రి, ఇరవై ఏళ్ల తరువాత మరొకరి బాణీ తన చేతికి వచ్చినప్పుడు దానిని పేరుతో సహా అందించాడు. ఈ జీవితంలో మాకు అన్నిటికన్న నచ్చిన ఘట్టం ఇదియే.

చివరి పదేళ్లలో ఆయన స్టూడియోల కోసమే గాక తన కోసం కూడా వ్రాసుకొన్నాడు. 1957లో భార్య ఆలిస్ మరణించగా, ఆమె స్మృతికి 'జోషువా' అనే బృందగాన కృతిని రచించి 1959లో వినిపించాడు. చెకొస్లొవేకియాలోని టెరెజీన్ అనే నిర్బంధ శిబిరంలో నాజీలు బంధించిన పిల్లలు వ్రాసుకొన్న పద్యాలకు సంగీతం కూర్చి, 1965లో సిన్సినాటి నగరంలో 'సాంగ్ ఆఫ్ టెరెజీన్' అనే కృతిగా వినిపించాడు. ఆ పిల్లలలో చాలామంది తిరిగిరాలేదు. కొందరి పేర్లు కూడా మిగలలేదు. బెర్లిన్ వీధిలో దెబ్బలు తిని బ్రతికి బయటపడిన మనిషి, బయటపడలేని పిల్లల గొంతు లోకానికి వినిపించుటను చివరి బాధ్యతగా తీసుకొన్నాడు. 1967 ఫిబ్రవరి 24న లాస్ ఏంజెలెస్‌లో, 60వ ఏట, కన్నుమూశాడు. 1957లో 'పేటన్ ప్లేస్' చిత్రానికి ఆయన వ్రాసిన వరుస అప్పటికి అదే పేరుగల టెలివిజన్ కథామాలికలో ఇంటింటా మ్రోగుతూనే ఉన్నది.

ఈ కథ వ్రాస్తున్నంతసేపు మన వాగ్గేయకారులు మాకు గుర్తుకు వస్తూనే ఉన్నారు. కృష్ణాతీరపు మొవ్వ నుండి బయలుదేరిన క్షేత్రయ్య పదాలు దక్షిణదేశమంతటా తిరిగాయి. తంజావూరు సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన త్యాగరాజస్వామి కృతులను తెలుగు రానివారు కూడ ఈనాటికీ పాడుతున్నారు. ఎన్ని ఊళ్లు తిరిగినా, ఎన్ని గొంతులు మారినా ఆ పాటలు ఎవరివో తెలియకపోవడమన్నది లేదు. పాటలోనే మువ్వగోపాలుడో, త్యాగరాజ నామమో ముద్రగా నిలిచి ఉన్నది. పాట వలస పోతుందని ఆ పెద్దలకు తెలుసు కాబోలు, పేరును మూటలో కట్టి పాటతోనే పంపించారు. వాక్స్‌మన్‌కు అటువంటి ముద్ర వేసుకొనే వీలు దొరకలేదు. వాద్యాలకు మాటలు లేవు. మాటలున్నచోట యజమాని పేరే ఉన్నది.

ముద్ర వేసుకోలేనివారికి వినేవారే ముద్ర కావాలి. మన ఉగాది వేదికలపై పిల్లలు పాడే లలిత గీతాలకు, ఆడే పాటలకు, అత్తవారింటి నుండి అమ్మమ్మలు మోసుకొని వచ్చిన మంగళహారతులకు కూడ కర్తలున్నారు. పాట మొదలుపెట్టే ముందు వ్రాసినవారి పేరు, వరుస కట్టినవారి పేరు ఒక్కసారి చెప్పించుదాము. కర్త తెలియని పాటయితే ఏ ఊరి పాటయో, ఏ తల్లి నోట నేర్చుకొన్నదో చెప్పించుదాము. అందుకు అరనిమిషం చాలును.